గాజుపెట్టెలో కాలిక్యులేటర్

పాతబడిపోవడం ఒక వరమండీ! నవ్వకండి. ఒకసారి షార్జాలోని మా ఆఫీసు రిసెప్షన్‌కి వచ్చి చూడండి.

అక్కడ గాజుపెట్టెలో ఒక కాలిక్యులేటర్ ఉంది. జేబులో పట్టేది కాదు, టైప్‌రైటరంత ఉంటుంది. కంప్యూటర్ అంటే గదంతా ఆక్రమించే రోజుల్లో ఇది బల్లమీద కూర్చుని, అయస్కాంతపు కార్డు మింగి, అందులో ఉన్న వరుస ప్రకారం లెక్కలు తనంతట తానే చేసేది. మీ ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్‌కి వరసకు తాతగారు!

డెబ్బైల్లో సర్వే లెక్కల కోసం మా కంపెనీ దీన్ని కొంది. నడపడానికి కాకినాడ నుంచి రాధాకృష్ణగారిని రప్పించుకుంది. ఎడారిలో మేం వేసిన తొలి రోడ్ల లెక్కలన్నీ వీళ్లిద్దరివే.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. కాలిక్యులేటర్ బుద్ధిగా స్టోర్‌రూమ్‌కి వెళ్లింది. రాధాకృష్ణగారు మాత్రం కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. పాతబడటానికి ఒప్పుకోలేదు. చేసిన తప్పల్లా అదే!

ఈ ఏడాది, అంటే 2006లో, మా డైరెక్టర్‌కి, అరబ్బీలో అందరూ పిలిచేట్టు ముదీర్‌కి, చరిత్ర మీద ప్రేమ పుట్టింది. యంత్రాన్ని తుడిపించి, లైట్లు పెట్టించి, రిబ్బన్ కత్తిరించాడు. అది పనిచేయదు. ఎవరైనా తప్పుపట్టారా? చప్పట్లు కొట్టాం!

ఆ వారమే రాధాకృష్ణగారికి అరవై నిండాయి. హెచ్ఆర్ మేనేజర్ ఆశిష్, మన హైదరాబాద్ అబ్బాయే, పిలిచి చెప్పాడు.

"అంకుల్, మీ వీసా రెన్యువల్ చెయ్యరంట. కంపెనీ పాలసీ. ఇగ ఖలాస్."

"నేనింకా పనిచేస్తున్నాను కదా బాబూ?"

"అదే కద అంకుల్ ప్రాబ్లమ్! పనిచేసేటోళ్లకే వీసా కావాలె."

ఎంత లాజిక్! కాదనగలరా?

ఆఖరి రోజు ఆయన ఆ పెట్టె ముందు నిలబడి గాజు మీద చెయ్యి ఆనించారు. సెక్యూరిటీలో ఉండే జగిత్యాల పర్శరాములు పరుగున వచ్చాడు.

"సార్, ముట్టద్దన్నరు."

"దీని మీదేనయ్యా నా వేళ్లరిగింది."

పర్శరాములు అటూ ఇటూ చూసి తాళం తీశాడు. "జల్దీ సార్. ముదీర్ లంచ్‌కు వోయిండు."

రాధాకృష్ణగారు రుమాలుతో మీటలన్నీ ఒక్కొక్కటే తుడిచారు. ఒక్కటీ నొక్కలేదు.

మర్నాడు విమానమెక్కారు.

నాకేం ఫిర్యాదు లేదండీ. యంత్రాలనింతగా గౌరవించే కంపెనీలో పనిచేయడం గర్వకారణం! ముదీర్‌గారికి ఒక చిన్న సలహా మాత్రం ఉంది. ఆ పెట్టె పక్కన ఒక కుర్చీ పట్టేంత చోటుంది. ఏసీ ఎలాగూ దానికోసం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంది.