గురువారం మూడింటి గడి

మొదటి సంవత్సరం విద్యార్థి ఎవరూ వారంలో ఒక్క గంట కూడా ఎవరి సంపర్కమూ లేకుండా ఉండడానికి వీల్లేదని విశ్వవిద్యాలయంలో ఉత్తర్వు వెలువడింది. ఉత్తర్వు చదివినవాళ్లంతా సంతోషించారు. చదవనివాళ్లు ఇంకా ఎక్కువ సంతోషించారు.

అసలు సంగతేమిటంటే, అంతకుముందు తనిఖీ సంఘంవారు ముగ్గురు వచ్చి టైంటేబుల్ చూశారు. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఈ గంటలో విద్యార్థి ఎవరి సంపర్కంలో ఉన్నట్టు?" అని అడిగారు. టీ తాగుతూ ఉంటాడేమో అని చెప్పే ధైర్యం అక్కడ ఎవరికీ లేకపోయింది. రిజిస్ట్రారుగారు నేల చూపులు చూశారు. నివేదికలో ఒకే ఒక్క వాక్యం వచ్చింది: "తెల్లగళ్లు పదిహేడు. విచారకరం."

ఆ పదిహేడు గళ్ల భారమూ టైంటేబుల్ సెక్షన్ సూపరింటెండెంటు నెత్తిన పడింది. ఆయన్ని అందరూ గళ్లాయన అంటారు. అసలు పేరు సర్వీసు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఇరవై రెండేళ్లుగా ఒక స్కేలు, ఒక రబ్బరు, పన్నెండు రంగు పెన్సిళ్లతో వేలమంది పిల్లల వారాలను గీసిన మనిషి. కంప్యూటరు ఇస్తే దాని మీద గుడ్డ కప్పి ఉంచాడు. తెల్లగడి కనిపిస్తే ఆయనకు ఒళ్లు మంట. చొక్కాకు గుండీ ఊడిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటుందట.

నాలుగు రోజుల్లో పదిహేడు గళ్లూ నింపేశాడు. ఆ పనితనం చూసి తీరాలి. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి నడవడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. పిల్లల ముందు ఒక లెక్చరరును నడిపిస్తే అదీ సంపర్కమే కదా! వారానికి రెండు గంటలు అలా కలిసొచ్చాయి. లైబ్రరీలో చదువుకోవడం సంపర్కం కిందికి రాదు. కాబట్టి చదువుకునేవాళ్ల వంక ఒకరు చూస్తూ కూర్చునే ఏర్పాటు జరిగింది. ప్రయోగశాల తాళంచెవి వచ్చేదాకా గుమ్మంలో నిలబడే ఇరవై నిమిషాలకు 'ప్రయోగ పూర్వ సంపర్కం' అని పేరు పెట్టారు. ఆ తర్వాత తాళంచెవి మరీ తొందరగా తేవద్దని అటెండరుకు మెమో కూడా వెళ్లింది.

ఇక క్లాసు సంగతి. సంపర్కానికి రుజువుండాలి గనక మొదట్లో ఒక సంతకం, చివర్లో ఒక సంతకం. క్లాసుకు నూట ఎనభై మంది. రెండు సంతకాల మధ్య లెక్చరరుకు పద్నాలుగు నిమిషాలు మిగిలేవి. ఆ పద్నాలుగు నిమిషాల్లో ఎవరైనా చెయ్యెత్తితే, "ప్రశ్నలకు వేరే గంట ఉందమ్మా" అని ఆయన నచ్చజెప్పేవారు. చెయ్యి దిగేది.

తనిఖీ సంఘం మళ్లీ వచ్చి, రంగురంగుల కాగితం చూసి మురిసిపోయింది. ఆ సందర్భంగా వైస్ ఛాన్సలరుగారు సభలో ప్రసంగించారు. "మన విద్యార్థి ఒంటరివాడు కాడు! పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా అతణ్ణి మనం వదలం! అతను వదిలించుకోవాలన్నా వదలం!" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అది టైంటేబుల్‌లో బుధవారం రెండో గంటలో ఉంది.

గళ్లాయనకు శాలువా కప్పారు. ఇంటికి తెచ్చుకుని కుర్చీ వీపున వేసుకున్నాడు. చెల్లెలి కూతురు ఆయన ఇంట్లోనే ఉండి మొదటి సంవత్సరం చదువుతోంది. కొన్ని వారాల తర్వాత ఒక మంగళవారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"మామయ్యా, స్టాటిస్టిక్స్‌లో రెండు టెస్టులూ పోయాయి. శనివారం మూడోది. అదీ పోతే పేరు తీసేస్తారు. ఇంటికెళ్లిపోయి మళ్లీ ఏడాది రావాలి."

"అదేంటే! వారానికి నలభై గంటల సంపర్కం పెట్టుకుని ఫెయిలవడమేంటి?"

"ఒక్క డౌటు మామయ్యా. సగటు నుంచి ఒక్కో అంకె తేడా తీస్తారు. ఆ తేడాల్ని ఊరికే కూడొచ్చు కదా, వర్గం ఎందుకు చేస్తారు? అది అర్థం కాక అక్కడే ఆగిపోయాను. ఎవర్ని అడగను?"

"పిచ్చిదానా, దానికి గంట ఉంది! గురువారం మూడింటికి లెక్చరర్లందరూ వాళ్ల వాళ్ల గదుల్లో కూర్చుంటారు. సందేహ నివృత్తి గంట. నేనే వేశాను, నారింజ రంగు."

"ఆ టైముకి మేం ఆడిటోరియంలో ఉంటాం."

"ఎందుకు?"

"సందేహాలు అడగడం ఎలాగో ఉపన్యాసం. హాజరు తప్పనిసరి. అదీ నారింజ రంగే."

గళ్లాయన నమ్మలేదు. విద్యార్థుల కాగితం పచ్చ ఫైలులో ఉంటుంది, లెక్చరర్లది నీలం ఫైలులో. సంతకాలు వేరు, బీరువాలు వేరు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఏ నిబంధనలోనూ లేదు గనక ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ పెట్టలేదు. ఆ సాయంత్రం పచ్చడి గిన్నె పక్కకు జరిపి, ఇంట్లో దాచుకున్న రెండు కాగితాల నకళ్లూ పరిచాడు. పదకొండు గురువారాలు! అటు లెక్చరర్లు ప్రశ్నల కోసం ఎదురుచూశారు, ఇటు పిల్లలు ప్రశ్నించడం నేర్చుకున్నారు. దేనికదే నిండుగా, ముచ్చటగా ఉంది. ఆయన కంచం పక్కకు తోసేశాడు.

బుధవారం పొద్దున్నే రిజిస్ట్రారుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"బాగా పట్టావయ్యా! సవరణ ప్రతిపాదన పెట్టు. ఉపసంఘం జూన్‌లో కూర్చుంటుంది" అన్నారాయన.

"టెస్టు ఈ శనివారమేనండీ."

"ఎవరికి?"

"మొదటి సంవత్సరం వాళ్లకి."

"జూన్‌కి వాళ్లు మొదటి సంవత్సరంలో ఉండరుగా. ఇంక సమస్యేముంది?"

ఇంత చక్కటి సమాధానం పుచ్చుకుని గళ్లాయన బయటికొచ్చాడు. తన సీటుకొచ్చి, తలుపు గడియ వేసి, విద్యార్థుల కాగితం మీద గురువారం మూడింటి గడిని రబ్బరుతో చెరిపేశాడు. ఏమీ రాయలేదు. నోటీసు బోర్డులో పెట్టించాడు.

గురువారం మూడింటికి వందలమంది పిల్లలు వరండాల్లో నిలబడిపోయారు, ఎక్కడ సంతకం పెట్టాలో తెలియక. కొందరు భయపడి ఖాళీ ఆడిటోరియంలో కూర్చుని వచ్చారు. కొందరు గడ్డి మీద పడి నిద్రపోయారు. ఓ నలభై మంది మాత్రం లెక్చరర్ల గదుల వైపు కదిలారు. స్టాటిస్టిక్స్ లెక్చరరు గుమ్మంలో మనిషిని చూసి కంగారుపడి లేచి, తన కుర్చీయే లాగి వేశారు. ఆయనకు రెండో కుర్చీ అవసరం ఇంతవరకూ పడలేదు పాపం.

మేనకోడలు అడిగింది. ఆయన కాగితం మీద అయిదు అంకెలు వేసి, "సగటు నుంచి తేడాలు తీసి నీ పద్ధతిలోనే కూడమ్మా, చూద్దాం" అన్నారు. కూడింది. సున్నా వచ్చింది. ఇంకో అయిదు వేశారు. మళ్లీ సున్నా.

"ఓహో! ఎక్కువా తక్కువా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి! అందుకని వర్గం చేసి మైనస్‌లు పోగొడతారా?" అంది పిల్ల.

ఏదో ఫైలు పట్టుకుని వరండాలో తచ్చాడుతున్న గళ్లాయన చెవిన ఆ ఓహో పడింది. ఇంత సర్వీసులో ఆ శబ్దం వినడం అదే మొదలు. సంతోషం పట్టలేక, ఎదురొచ్చిన అటెండరుకు నమస్కారం పెట్టాడు.

శనివారం పిల్లకు నలభైకి ముప్ఫై ఒకటి వచ్చాయి. పేరు నిలబడింది.

ఆ తర్వాతి వారం తల్లిదండ్రుల నుంచి మహజరు వచ్చింది. మూడువందల నలభై సంతకాలు. "మా పిల్లలు గురువారం మూడు నుంచి నాలుగు దాకా ఏం చేస్తున్నారో ఏ కాగితంలోనూ లేదు. దీనికి బాధ్యులెవరు?" మొట్టమొదటి సంతకం గళ్లాయన చెల్లెలిది. కూతురు పాసైందని స్వీట్లు పట్టుకుని వచ్చి, ఆ చేత్తోనే సంతకం పెట్టి మరీ ఇంటికొచ్చింది.

"అన్నయ్యా, పాసయిందిలే, సంతోషమే. కానీ నువ్వుండి కూడా గడి ఖాళీగా వదిలేశారంటే నలుగురూ ఏమనుకుంటారు?"

గళ్లాయన రంగు పెన్సిళ్లు తీశాడు. ఆ సాయంత్రమే గడి నిండింది: 'స్వేచ్ఛా సమయం. ఆడిటోరియం. హాజరు తప్పనిసరి.' లేత నీలం.

పెన్సిలు కింద పెట్టకముందే మేనకోడలు పుస్తకం పట్టుకొచ్చింది.

"మామయ్యా, అది అర్థమయ్యాక ఇంకో డౌటొచ్చింది. ఎవర్ని అడగను?"

"పాసయ్యావుగా! ఇంకా డౌట్లేంటే?" అంది వాళ్లమ్మ. ఇంట్లో అందరూ నవ్వేశారు. పిల్ల కూడా నవ్వి, పుస్తకం మూసేసింది. పిల్ల దారిలో పడిందని అందరి మనసూ కుదుటపడింది. మీదీ కుదుటపడే ఉంటుంది, మీ ఇంట్లోనూ చదువుకునే పిల్లలున్నారు కదా.