బ్రహ్మం సోలోకు లేచిన మంద

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఒక ఉదయం, తర్లుపాడు దగ్గర గొర్రెల కాశయ్య కొడుకు బ్రహ్మం పక్కా పథకంతో నిద్ర లేచాడు. మధ్యాహ్నం నాటకాల కంపెనీ అంకన్న వస్తాడు. గిటారు మీద అప్పటికప్పుడు అల్లే సోలో నచ్చితే కంపెనీలో చేర్చుకుంటాడు. బ్రహ్మం గిటారు పట్టింది మొన్ననే. అయితేనేం, మద్రాసు మేనమామ సూత్రం చెప్పాడు: "ఐదు స్వరాలు పట్టుకొని ఎట్ల తోస్తే అట్ల తిరుగు. తప్పు పడితే ఇంకా గట్టిగా వాయించు."

ఎరువు కోసం కాశయ్య మందను పుల్లయ్య చేలో దించి, చుట్టూ దడి కట్టారు. ఎంతో కాలం ఎదురుచూస్తే ఆ రైతుకు దక్కిన వంతు అది. బ్రహ్మం దడి పక్కన కూర్చొని మొదలుపెట్టాడు. తప్పు పడింది. గట్టిగా వాయించాడు. మంద మొత్తం లేచి, దడి దూకి, పక్కనున్న నరసింహులు చేలో పడింది.

నరసింహులు వెంటనే ముళ్లకంప అడ్డం పెట్టేశాడు. "కాశన్నా, అడక్కుండానే మందను పంపినావు. చల్లగుండు!"

"రేయ్, వంతు నాది!" పుల్లయ్య కర్ర ఎత్తాడు.

"కర్రతో తోలితే ఊరుకోను. వాటంతట అవి వస్తే తోలుకపో."

కాశయ్య తన కొడుకు వైపు తిరిగాడు. "అది వాయిస్తేనే గదా పోయినాయి? మళ్లీ వాయించి పిలువు. రాకుంటే గిటారు పొయ్యిలోకే."

"అదే మళ్లీ ఎట్ల వస్తాది నాయనా? సోలో అంటే అప్పటికప్పుడు పుట్టేది."

"పుట్టించినోడివి నువ్వే గదరా!"

బ్రహ్మం పుల్లయ్య చేలో నిలబడి వాయించాడు. గొర్రెలు ఇంకాస్త దూరం జరిగాయి.

"ఏందిరా అది?"

"వాటికి సరిగ్గా వినపళ్లే నాయనా."

చేను చుట్టి, మంద వెనక్కి పోయి, బ్రహ్మం వాటి చెవుల దగ్గరే తీగలు మీటాడు. మంద కంప మీదుగా ఎగిరి, వచ్చిన దారినే పుల్లయ్య దడిలోకి దూకింది.

"చూసినావా నాయనా, పిలిస్తే ఎట్ల వచ్చినాయో!"

"పిలిచినావో తరిమినావో, వచ్చినాయి పో," అంది తల్లి ఆదెమ్మ.

అంకన్న అప్పటికే వచ్చి గట్టు మీద నిలబడి అంతా చూశాడు. బ్రహ్మాన్ని పక్కకు పిలిచాడు. "అబ్బాయ్, రేపు కొనకనమిట్లలో నాటకం. ఆఖరి అంశం నీదే."

"ఆఖరా? అంత పెద్ద చోటు నాకా అన్నా?"

"నువ్వే కావాల. నాటకం అయిపోయినా జనం లేవరు, పందిట్లోనే పడుకుంటారు. మేం పందిరి విప్పుకోవద్దా?"

మర్నాడు పందిరి క్షణాల్లో ఖాళీ అయింది. తన సోలో సంగతి ఇంట్లో వాళ్లకు చెప్పాలన్న ఆత్రంతోనే జనం అట్లా పరిగెత్తారని బ్రహ్మం ఇప్పటికీ నమ్ముతాడు.