కంచెకు క్రాఫు

ఆ ఆదివారం పొద్దున కత్తెర మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పెరటి కంచె మీద అక్కడక్కడా లేచిన కొసలు నాలుగు కత్తిరించాలి, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, అంతే. సాయంత్రం కాలనీ సంఘం వాళ్ళు వచ్చి, ఈ ఏటి మేలైన కంచె ఎవరిదో తేల్చి, ఆ ఇంటి గేటుకు చెక్క పలక తగిలిస్తారు. దానికి కావలసిన మేకును మాస్టారు ముందు రోజే కొట్టి ఉంచారు.

వీధి మొదట్లో సెలూన్ ఆయనది. పక్కిల్లు ఆయన భార్యకు సొంత అన్నగారిది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆ బావగారికి బండి దిగినా జెండా ఊపే అలవాటు పోలేదు. మేడ మీద కుర్చీ వేసుకుని, "తువ్వాలు అలాగేనా పిండేది?", "చెప్పులు ఎండలో పెట్టావేం?" అంటూ మాస్టారి పెరటిని నడిపించేవారు. ఆ చూపు తప్పించుకోవడానికే మాస్టారు హద్దు పొడుగునా సైప్రస్ మొక్కలు వేశారు. ఆకు రాల్చవు, ఎప్పుడూ పచ్చగా ఉంటాయి, చూస్తుండగానే గోడలా లేస్తాయి అని నర్సరీ ఆయన భరోసా ఇచ్చాడు.

మొక్కలు పాతేనాడు బావగారు మేడ మీంచి ఒక మాటన్నారు. "ఎందుకోయ్ శ్రమ? నీది కోసే చెయ్యి. పెంచే చెయ్యి కాదు."

ఆ మాట మాస్టారి గుండెల్లో ముల్లులా దిగింది. అప్పటి నుంచి చంటిపిల్లల్ని సాకినట్టు సాకారు. చెట్లు మేడ దాటి లేచాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. బావగారు మాత్రం పెదవి విప్పలేదు. మాస్టారికి నిజంగా కావలసింది పలక కాదు. ఆ నోటి నుంచి ఒక్క మెచ్చుకోలు.

నిచ్చెన ఎక్కి కొసలు కత్తిరించాక, వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూశారు. ఎడమ చెంప కాస్త బరువుగా ఉంది. అది దించితే కుడి చెంప లేచింది. కుడిది సవరిస్తే నడిమధ్య పొట్టలా ముందుకొచ్చింది.

"ఏమండీ, ఇక చాలు, దిగండి," అంది భార్య.

"చాలో చాలదో కుర్చీలో కూర్చున్నవాడు చెప్పాలి. పక్కన పేపరు చదివేవాళ్ళు కాదు," అన్నారు మాస్టారు.

పొట్ట తగ్గిస్తుంటే లోపల ఎండుపుల్లల చిక్కు కనిపించింది. చిక్కు చూసి వదిలేసే చెయ్యి కాదది. పుల్లా పుల్లా తీసుకుంటూ పోయారు. పోగా పోగా వెలుతురు వచ్చింది.

"అయ్యో! అన్నయ్య వాళ్ళ పెరడు కనిపిస్తోందండీ!"

"కంగారెందుకు? కోసిన జుట్టు రాకుండా పోతుందా?" అన్నారాయన ధీమాగా. అవతలి వైపు కొసలు ఎవరో ముచ్చటగా దువ్వినట్టు సమంగా ఉండటం చూసి కాస్త ఆశ్చర్యపోయారు కానీ, ఆలోచించే తీరిక లేదు. సాయంత్రంలోగా చిగురు వచ్చే మందేదైనా ఉందేమోనని నర్సరీ ఆయనకు ఫోన్ చేశారు.

"పచ్చగా ఉన్నంత మేరే కొయ్యాలి మాస్టారూ. లోపలి పాత కొమ్మ దాకా వెళ్ళలేదు కదా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"మా బావగారి బకెట్టు కనిపిస్తోంది."

"ఈ చెట్లకు పాత కొమ్మ మీద మళ్ళీ ఆకు పుట్టదండీ."

"ఎన్నాళ్ళైనా?"

"మీ సెలూన్లో బట్టతల మీద ఎన్నాళ్ళకు వస్తుంది?"

మాస్టారు నిచ్చెన మెట్టు మీద కూలబడ్డారు. కానీ బట్టతల అనేసరికి లోపలి పనివాడు లేచి కూర్చున్నాడు. ఎన్ని నెత్తులు కప్పిన చెయ్యి అది! సంఘం ప్రెసిడెంటుగారి నెత్తి సంగతే చాలు. కుడిచెవి పైనున్న జుట్టును ఎడమచెవి దాకా నడిపించి, ఇన్నేళ్ళుగా ఊరి కంట పడకుండా కాపాడిందెవరు?

రెండు పక్కల నుంచీ పొడుగు కొమ్మలు వంచి బొక్క మీదికి దువ్వారు. పురికొసతో బిగించి, ఆ కొసను కొళాయికి కట్టారు. పచ్చికొమ్మ బలం తక్కువా? కొళాయి ఊడి వచ్చింది. నీళ్ళు ఎగజిమ్మి, తీగ మీద తగిలించిన ఇస్త్రీ చొక్కా, దాని కింద మాస్టారు, ఏకంగా తడిశారు. భార్య పరుగెత్తి ట్యాంకు వాల్వు కట్టేసేసరికి పెరడంతా బురద. ఇంట్లో స్నానానికి చుక్క లేదు. ఇక పురికొస పట్టుకునే దిక్కు మాస్టారే. కాళ్ళు బురదలో పాతుకుని నిలబడ్డారు. ఆ వేళ చూసినవాళ్ళు ఆయన్ని కూడా మొక్కల లెక్కలో వేసుకునేవారు.

సాయంత్రం మాటలు వినిపించాయి. కానీ ఆయన గేటు దగ్గర కాదు. కంచె అవతల, బావగారి పెరట్లో.

"చూడండి ప్రెసిడెంటుగారూ!" అంటున్నారు బావగారు. "దారం పట్టి గీసినట్టు లేదూ? రైలెక్కి ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఇంత కంచె ఎక్కడా చూడలేదు. నీళ్ళు పోస్తే పెరగడానికి ఇదేమన్నా గడ్డా? చెయ్యి కావాలండీ, చెయ్యి!"

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛాతీ ఉప్పొంగి తడి చొక్కా గుండీ బిగిసింది. ఇన్నేళ్ళ ముల్లు ఒక్క మాటతో ఊడి వచ్చినట్టయింది. తన పేరు కూడా చెవిన పడితే ఇక జన్మ ధన్యమని పురికొసను ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"అద్భుతం! పెంచింది ఎవరండీ?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఇంకెవరు? నేనే!"

మాస్టారి రెండు చేతులూ ఒక్కసారిగా పైకి లేచాయి. పురికొస జారింది. కొమ్మలు రివ్వున ఎటువి అటు లేచాయి. బొక్క నిండా బురద కొట్టుకున్న మాస్టారి ముఖం ప్రత్యక్షమైంది. ప్రెసిడెంటుగారి చెయ్యి తనంతట తాను తన నెత్తి మీదికి పోయింది.

"మీరేమిటి మాస్టారూ అందులో?"

కంచె నాదంటే బొక్కా నాదే. బొక్క నాది కాదంటే కంచె పోతుంది. మాస్టారు నోరు తెరిచేలోగా బావగారు అందుకున్నారు.

"చూశారా అఘాయిత్యం! బంగారంలాంటి కంచెకు ఎంత బొక్క పెట్టాడో మా బావమరిది!"

"మీ కంచెను ఆయనెందుకు కోస్తారండీ?"

"వాడి కంచె, వాడి ఇష్టం..." అని బావగారు నాలుక కరుచుకున్నారు.

మాస్టారి భుజం మీదుగా భార్య తొంగి చూసింది. "అన్నయ్యా, ఆ మాట ఇంకోసారి అను."

బావగారు బొక్కను చూశారు, చెల్లెల్ని చూశారు, చివరికి నేల చూశారు. "అవునమ్మా, వాడే పెంచాడు! కోసే చెయ్యి అన్నాను, తప్పే. పెంచే చెయ్యే వాడిది. ఈ పక్క కత్తిరించింది మాత్రం నేను. రోజూ చూసుకుంటూ, సవరించుకుంటూ ఉంటే నాదే అనిపించింది. ఏం చెయ్యను?"

"బావగారూ, మధ్యలో ఆకులు అడ్డొచ్చాయి," అన్నారు మాస్టారు. "ఆ పెంచే చెయ్యి దగ్గర నుంచి మళ్ళీ ఒకసారి చెప్పండి."

చెప్పించుకున్నారు కూడా.

పలక వీధి చివరి పళ్ళ డాక్టరుగారి గేటుకు పోయింది. ఆయన కంచె ప్లాస్టిక్ ఆకులది, బొక్కల భయం లేదు. వెళ్ళబోతూ ప్రెసిడెంటుగారు మాస్టారి చెవి దగ్గర గొంతు తగ్గించి, "నాది కూడా అలా లేస్తుందా?" అని అడిగారు. "ఎదురుగాలిలో తిరక్కండి," అన్నారు మాస్టారు.

బొక్కకు అడ్డంగా కొత్త మొక్క పెడతానని నర్సరీ ఆయన అంటే మాస్టారు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చిన దారి అది, దాన్ని మూసేస్తారా? అంచులు నాలుగు పక్కలా సమంగా గీసి కిటికీలా తీర్చిదిద్దారు. గేటుకు కొట్టిన మేకుకు గొడుగు తగిలించి, కొళాయి మళ్ళీ బిగించి, మర్నాడు పొద్దున గర్వంగా గొట్టం పట్టుకుని చెట్లకు నీళ్ళు పెట్టడానికి వచ్చారు.

కిటికీ అవతల కుర్చీ వేసుకుని బావగారు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. "నీళ్ళు ఎక్కువ పోస్తున్నావోయ్."