చీటీలో రాయని ఒక్క మాట

ఆ పొద్దున రికార్డు కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసులో సెలవు చీటీ ఇచ్చి, మధ్యాహ్నం భార్యను కళ్ల డాక్టరుకు చూపించాలి. ఆవిడ నెల రోజుల్లో రెండుసార్లు పక్కింటి తలుపుకు తమ తాళం చెవి పెట్టి తిప్పింది.

"ఇవాళైనా మర్చిపోరుగా?" అని ఆవిడ చిలక్కొయ్యకు వేలాడుతున్న చొక్కాను అడిగింది. ఆయన కిటికీ దగ్గర ఉన్నాడు.

చీటీ ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ క్లుప్తంగా రాశాడు: "చూపు సరిగా ఆననందున డాక్టరు వద్దకు వెళ్లవలసి ఉన్నది. ఒక పూట సెలవు ఇప్పించ ప్రార్థన." ఎవరి చూపో రాయలేదు. అదే కొంప ముంచింది.

చీటీ చదివిన సూపరింటెండెంటుకు గుండె గుభేలుమంది. కళ్లు కనబడని మనిషి చేతిలోనా ఇన్ని వేల ఫైళ్లు? సెలవు ఇవ్వలేదు సరికదా, సాయంత్రానికల్లా పైవాళ్లకు రాసేశాడు. మూడో రోజు వైద్య బోర్డు ముందు హాజరు కమ్మని ఉత్తర్వు దిగింది.

"సార్, చూపు తగ్గింది నాకు కాదండీ, మా ఆవిడకి."

"ఆర్డరు వచ్చేశాక చెప్తే ఎలాగయ్యా? ముందు వెళ్లిరా, తర్వాత చూద్దాం."

వెళ్లాడు. చిట్టచివరి వరసలో చీమతలకాయంత అక్షరాలను గడగడా చదివాడు. కళ్లు నిక్షేపంలా ఉన్నాయని బోర్డు రాసిచ్చింది. ఆ కాగితం ఆఫీసు చేరిన మర్నాడే ఛార్జి మెమో వచ్చింది: లేని జబ్బు చూపి సెలవు కోరి ప్రభుత్వాన్ని మోసగించబోయినందుకు.

విచారణ కూడా సూపరింటెండెంటే చేశాడు.

"చీటీ నకలు ఇప్పించండి సార్. మా ఆవిణ్ని సాక్షిగా పిలిపించండి."

"నువ్వు రాసిందేగా, నకలెందుకు? ఇక మీ ఆవిడంటావా, నువ్వు చెప్పమన్నదే చెప్తుంది."

పావుగంటలో విచారణ ముగిసింది. పది రోజుల్లో ఉద్యోగం ఊడింది. రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఇంటికొచ్చి గోడకు జేరగిలబడ్డాడు. అన్నేళ్లలో ఒక్క కాగితం పోగొట్టని మనిషిని ఒక్క కాగితం రోడ్డున పడేసింది. భార్య తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"నా కళ్ల మూలంగానే కదా ఇదంతా."

"నీ కళ్లేం చేశాయి. నా రాత అలా ఉంది."

కోర్టుకెళ్దామని ఊళ్లో ఒక లాయరమ్మను కలిశాడు. కాగితాలన్నీ చూసి ఆవిడ నిట్టూర్చింది. "గెలుస్తాం బాబాయిగారూ. ఎప్పుడని మాత్రం అడక్కండి."

మూడేళ్లు పట్టింది. అన్నాళ్లూ ఆయన ఊళ్లోవాళ్లకు అర్జీలు రాసిపెట్టి ఇల్లు నెట్టుకొచ్చాడు. ఎవరికి రాసినా వాళ్ల పేరు మూడుసార్లు రాసేవాడు. మధ్యలో బావమరిది పూనుకుని అక్క కళ్లకు ఆపరేషన్ చేయించాడు. ఆ ఇంట్లో జరిగిన మంచి అదొక్కటే.

చివరికి జడ్జిగారు ఫైలు తిరగేసి ప్రభుత్వ వకీలు వైపు చూశారు.

"ఫిర్యాదు చేసింది, విచారించింది, తొలగించమని రాసింది, అన్నీ ఒక్కరేనా?"

"అవునండి."

"అడిగిన కాగితం ఇవ్వలేదు. సాక్షిని పిలవలేదు. ఉద్యోగి అయినంత మాత్రాన తన మాట చెప్పుకునే హక్కు పోతుందా?"

తొలగింపు కొట్టేశారు. రికార్డు కీపరుకు సంతోషంతో కన్నీళ్లు ఆగలేదు. తీర్పు ఆఖరి పేరా లాయరమ్మ బయటికొచ్చాక చదివి వినిపించింది: ఉద్యోగంలోకి తీసుకోవాలి, శాఖ కావాలనుకుంటే నిబంధనల ప్రకారం విచారణ మళ్లీ మొదటినుంచి జరుపుకోవచ్చు.

శాఖ కావాలనుకుంది.

ఈసారి విచారణాధికారి కొత్తవాడు, మర్యాదస్తుడు. చీటీ నకలు ఒకటడిగితే రెండిచ్చాడు. సాక్షిగా వచ్చిన భార్యకు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించాడు.

"మీవారు రాసిన చీటీ ఇదేనేమో చూడండమ్మా."

ఆవిడ మూడేళ్లుగా ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. మొగుడి పరువు నిలబెట్టాలనే తాపత్రయంలో, చీటీ చేతిలోకైనా తీసుకోకుండా, బల్ల ఇవతలినుంచే మొదటి అక్షరం మొదలు సంతకం కింది తేదీ దాకా తడబడకుండా చదివేసింది.

రికార్డు కీపరు కళ్లు మూసుకున్నాడు.

"ఆపరేషన్ అయిందండీ," అన్నాడు నీరసంగా, ఆసుపత్రి కాగితాలు ముందుకు తోస్తూ.

"ఇవి చీటీ రాసిన రెండేళ్ల తర్వాతివి కదండీ, ఆనాడు చూపు ఆనలేదని వీటిలో ఎక్కడా లేదే," అన్నాడు అధికారి, పాపం నొచ్చుకుంటూనే.

ఉద్యోగం రెండోసారి పోయింది. సహజ న్యాయ సూత్రాలన్నీ తుచ తప్పకుండా పాటించడమైనదని ఉత్తర్వులో మొదటి వాక్యంలోనే రాశారు.