మబ్బుల వల్ల రాత్రి

సైన్సు మాస్టారి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలిపోతుంది. ఏడాదిగా తాత్కాలికంగా నెట్టుకొస్తున్న మనిషి. రెండో పీరియడ్‌లో పెద్ద మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటానంది. నచ్చితే ఖాయం, నచ్చకపోతే ఇంటికి. ఆవిడకు తరగతిలో ఫోను కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. అందుకే మాస్టారు ముందే బతిమాలి ఒప్పించుకున్నాడు. పిల్లల చేతిలో ఫోన్లుండవు, తలా ఒక కాగితం కార్డు ఉంటుంది. ముందువైపు నల్ల గళ్ళ బొమ్మ, వెనక నాలుగు అంచుల్లో ఏ, బీ, సీ, డీ. తమ జవాబు అక్షరం పైకొచ్చేలా కార్డు పట్టుకుంటే, మాస్టారి ఫోను కెమెరాతో ఆ గళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చూసి, పాఠం ఎవరికి అర్థమైందో పేర్లతో సహా చెప్పేస్తుంది. చప్పుడు లేదు, గోల లేదు. మర్యాదకని పెద్ద మేడం పేరున కూడా ఒక కార్డు చేశాడు.

పొద్దున్నే సంచీలో సర్దబోతే కార్డులు బిరుసుగా తగిలాయి.

"నలిగిపోతున్నాయని అట్టలకి అంటించేశానండీ," అంది భార్య. "వెనక అక్షరాలు కనబడకుండా పోయాయి. మళ్ళీ నేనే రాసిపెట్టా."

అక్షరాలు నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి. మాస్టారు మురిసిపోయి బడికి పరిగెత్తాడు. ఏ బొమ్మను ఎటు తిప్పి అంటించిందో ఆవిడకే తెలియదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

పాఠం బ్రహ్మాండంగా సాగింది. రాత్రీ పగలూ ఎందుకొస్తాయని ప్రశ్న వేశాడు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల అన్నది ఏ. మిగిలినవి నింపడానికి రాసినవే: సూర్యుడు నిద్రపోవడం, చంద్రుడు అడ్డం రావడం, మబ్బులు కమ్మడం. అట్టలు లేచాయి. మాస్టారు ఫోను చూశాడు. ముప్పాతిక తరగతికి రాత్రి ఇతర కారణాల వల్ల వస్తోంది.

బంతి తెచ్చి, కిటికీ వెలుతురులో తిప్పి చూపించాడు. ఫలితం వెంట్రుకవాసి కదల్లేదు. ఇక లాభం లేదని తానే భూమి అయి బల్లల మధ్య గిర్రున తిరిగి, కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. పిల్లలు అవే అట్టలను అలాగే, ఇంకాస్త జాలిగా ఎత్తారు.

పెద్ద మేడం లేచింది. "మీరు కూర్చోండి. నేను చెప్తా."

భూగోళం చెప్పి చెప్పి ఆ పదవి దాకా వచ్చిన మనిషి. రాయికైనా అర్థమయ్యేలా చెప్పింది. అట్టలు లేచాయి. ఫోను పాత పాటే పాడింది. పిల్లలకు అట్ట పట్టుకోవడం చేతకావడం లేదని తేల్చేసి, ఆవిడ తన అట్ట తీసి, ఏ అక్షరం పైకి పెట్టి నిటారుగా నిలబడింది.

"ఇలా పట్టుకోవాలి. మాస్టారూ, ఏమంటోంది మీ ఫోను?"

మాస్టారు ఫోను వంక ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూశాడు. "మబ్బుల వల్లనంటున్నారండీ. మీరు."

ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. పెద్ద మేడం తన అట్టను తిప్పి చూసింది, పక్క పిల్ల అట్టా చూసింది. తర్వాత, తెలిసినవాళ్ళు నోటితో చెప్పమంది. భూమి తిరగడం వల్లనని తరగతంతా ఒక్క గొంతుతో చెప్పింది. మాస్టారికి అప్పుడు గమ్ము వాసన గుర్తొచ్చింది, భార్య గుర్తొచ్చింది, ఉద్యోగం పోయిందని తెలిసింది.

పీరియడ్ అయ్యాక ఆవిడ తన గదికి పిలిచింది. తప్పు అట్టలదని మాస్టారు చెప్పబోయాడు.

"అట్టల సంగతి నాకర్థమైంది. ఈ జవాబులు మన బడి నడిపే కమిటీవాళ్ళు కూడా చూస్తారా?"

"సాయంత్రం పంపాలండీ. పేర్లతో సహా."

ఆవిడ కాసేపు కిటికీలోంచి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. "మీ పాఠం పిల్లలకి బాగా ఎక్కింది. మీ ఉద్యోగం సంగతి ఇప్పుడే రాసేస్తాను. ఈలోగా మీరు ఆ ఫోన్లోంచి నన్ను తీసెయ్యండి."

ఇంటికి రాగానే భార్య, అట్టలు పనికొచ్చాయా అని అడిగింది. అవే లేకపోతే ఉద్యోగం వచ్చేది కాదని మాస్టారు ఉన్న నిజమే చెప్పాడు.

ఆవిడ పొంగిపోయి, రెండో సెక్షన్ కార్డులకు గమ్ము సీసా మూత తీసింది.