కిటికీ సీటు కాపురం

ఆ ఉదయం ఏసీ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షూటింగ్ జరిగే గోడౌన్‌కు వెళ్ళి, అక్కడి ఏసీ బాగుచేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వంటగట్టు దగ్గర నిలబడే నాలుగు మెతుకులు తిని, కంచం కడిగి, తలుపుకు తాళం వేసి బయల్దేరాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఊళ్ళో సగం ఇళ్ళను చల్లబరిచిన చెయ్యి అతనిది. కానీ చల్లగాలి రావడం మొదలవగానే జనం మెకానిక్‌ను మరిచిపోతారు. లోకం తీరే అంత.

గోడౌన్‌లో విమానం ఉంది. నిజం విమానమే, కాకపోతే ముక్క. పాతబడిన విమానాన్ని సొరకాయలా అడ్డంగా కోసి, నడిమి ముక్కను ఒకాయన సినిమావాళ్ళకు అద్దెకిస్తున్నాడు. సీట్లు, బెల్టులు, తలపైన సామాన్ల అరలు అన్నీ అసలువే. ఒక పక్క గోడ మాత్రం ఊడదీసి అక్కడ కెమెరా పెట్టుకుంటారు. ఇంజన్ లేదు కాబట్టి లోపల గాలి కూడా లేదు. బయట ఏసీ పెట్టి, లావుపాటి గొట్టంతో చల్లగాలి ఎక్కించాలి. చెడిపోయింది ఆ ఏసీయే.

మెకానిక్ దాన్ని బాగుచేసి, గాలి లోపలిదాకా వస్తోందో లేదో చూడటానికి మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. గాలి బ్రహ్మాండంగా వచ్చింది. దాని వెనకే నిద్ర కూడా వచ్చింది.

మెలకువ వచ్చేసరికి విమానం నిండా జనం. పక్క సీట్లో ఒకావిడ బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. "కట్!" అని ఎవరో అరిచారు. లేచి పారిపోబోయిన మెకానిక్‌కు దర్శకుడు చేతులు చాపుకుని అడ్డం వచ్చాడు.

"కదలకండి! అబ్బ, ఏం నిద్రండీ అది! ఇంత సహజంగా నిద్రపోయే జూనియర్ ఆర్టిస్టుని నేనింతవరకూ చూళ్ళేదు."

"నేను ఆర్టిస్టుని కాద్సార్. ఏసీ మెకానిక్‌ని."

దర్శకుడి మొహం పాలిపోయింది. సినిమావాళ్ళకు ఒక నియమం ఉంది. మొదటి షాట్‌లో ఏ సీట్లో ఎవరు కనిపిస్తే ఆ సీను ముగిసేదాకా అక్కడ వాళ్ళే కనిపించాలి. లేకపోతే నడి ఆకాశంలో ఒక ప్రయాణికుడు ఎక్కడ దిగిపోయాడని ప్రేక్షకులు నిలదీస్తారు.

"మళ్ళీ తీద్దామంటే హీరోగారు మళ్ళీ ఏడవాలి. పొద్దున్నుంచీ ప్రయత్నిస్తే ఇప్పటికి వచ్చింది ఆ ఏడుపు" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. "మూడు రోజులు ఇక్కడే కూర్చో అన్నా, నీకు పుణ్యం ఉంటుంది. ఇంట్లో చెప్పెయ్."

విమానం మొత్తం అతని వైపే చూస్తోంది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరని అంతమంది ముందు అనడానికి అతనికి నోరు రాలేదు. ఫోన్ తీసి చెవికి ఆనించుకున్నాడు. "ఆఁ, నేనే. ఇక్కడ పని తగిలింది, ఆలస్యమవుద్ది. నువ్వు తినేసి పడుకో" అన్నాడు. అవతల ఎవరూ లేకపోయినా, ఆ మాట అన్నాక అతనికి ఎంతో హాయిగా అనిపించింది. అలాంటి మాట అతను ఏనాడూ ఎవరితోనూ అని ఎరగడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికిపోయింది. సాయంత్రం మేనేజరు "పాపం, వదిన వండుకుందో లేదో" అంటూ ఒక భోజనం పార్సిల్ అతని చేతిలో పెట్టాడు. మెకానిక్ ఇంటికెళ్ళి, తన వాటా తిని, లేని ఆవిడ వాటా కూడా తానే తిన్నాడు. కడుపు నిండింది గానీ ఇల్లు మాత్రం రోజూకన్నా ఖాళీగా కనిపించింది.

రెండో రోజు అతను అందరికన్నా ముందే వచ్చి సీట్లో కూర్చున్నాడు. తల దువ్వేవాళ్ళు, మంచినీళ్ళు తెచ్చేవాళ్ళు, భోజనానికి రమ్మని కేకేసేవాళ్ళు! ఇంతమంది ఒక్క పూటలో తనని పలకరించడం అతనికి కొత్త. ఇంకొక్క రోజు ఇలా గడిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

నిద్రలో అతని తల పక్క సీటావిడ భుజమ్మీద వాలాలన్నాడు దర్శకుడు. అతను మొహమాటపడుతుంటే ఆవిడే "పర్లేదు, వాల్చండి. ఈ భుజం చాలా తలలు మోసింది" అంది. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో ఆవిడ ఒకరికి భార్య, ఒకరికి అత్త, శవాల దగ్గర ఏడ్చే పిన్ని. డైలాగు మాత్రం ఒక్కటీ లేదు.

"రేపు ఆఖరి రోజు కదా, వదినని కూడా తీసుకురా అన్నా. విమానం చూస్తుంది" అన్నాడు మేనేజరు.

మెకానిక్ సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. "రాలేదు. జ్వరం" అన్నాడు.

"జ్వరమా!" దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. "అలాంటి మనిషిని వదిలేసి మా కోసం వచ్చారా? వెంటనే పంపించండయ్యా ఈయన్ని. ఆ సీట్లో ఇంకెవర్నైనా కూర్చోబెట్టి మొహమ్మీదికి దుప్పటి లాగండి. ఎలాగూ నిద్రేగా!"

ఏ సీటు కోసం అబద్ధమాడాడో, ఆ అబద్ధమే అతన్ని ఆ సీట్లోంచి లేపేస్తోంది. ఇప్పుడు వెళ్ళి ఎవరి నుదుటి మీద చెయ్యి వెయ్యాలి?

"వద్దు సార్! తగ్గిపోయింది!"

"ఎప్పుడు?"

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది."

అతని ఫోన్ మేకప్ బల్ల మీద చార్జింగులో ఉన్న సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. పని ఆగిపోతుందని పాపం బాధ దిగమింగుకుంటున్నాడని యూనిట్ మొత్తం కరిగిపోయింది. మేనేజరు చప్పుడు చేయకుండా అతని విజిటింగ్ కార్డు డ్రైవరుకిచ్చి, ఒక డాక్టర్ని కూడా ఎక్కించి అతని ఇంటికి పంపాడు.

డ్రైవరు పరుగున తిరిగొచ్చాడు. "సార్! ఇంటికి బయట తాళం ఉంది! ఎంత కొట్టినా పలకట్లేదు!"

ఒక్క నిమిషంలో విమానంలో వాతావరణం మారిపోయింది. జ్వరంతో ఉన్న ఆడమనిషిని లోపల పెట్టి తాళం వేసి, ఇక్కడ చల్లగాలిలో కునుకు తీస్తున్నాడు! పొద్దున తల దువ్వినావిడ దువ్వెన వెనక్కి లాక్కుంది. "పోలీసుల్ని పిలవండి" అన్నారెవరో. "ముందు తాళం పగలగొట్టండి" అన్నారు ఇంకెవరో. హీరో నిజంగానే ఏడ్చాడు గానీ అప్పుడు కెమెరా తిరగడం లేదు.

"లోపల... లోపలెవరూ..." అంటూ మెకానిక్ ఆగిపోయాడు.

"లోపలెవరూ లేరు" అంది పక్క సీటావిడ, బెల్టు విప్పుకుంటూ. "నేనిక్కడుంటే లోపలెవరుంటారు?"

ఆవిడకు అది మొదటి డైలాగు. తడబడకుండా చెప్పింది.

మేనేజరు నోరు తెరిచాడు. "నువ్వా? మరి నిన్న ఫోన్లో మాట్లాడింది ఎవరితో?"

"నాతోనే."

"పక్క సీట్లో ఉన్న మనిషికి ఫోనా?"

"మా ఇద్దరికీ మాటల్లేవు. ఏదున్నా ఫోన్లోనే."

మేనేజరు కాసేపు ఆలోచించి తలూపాడు. అతనూ సంసారం చేస్తున్నవాడే. "మరి నేను పంపిన పార్సిల్?"

ఆవిడ మెకానిక్ వైపు తిరిగింది. "పార్సిలా? నాకు చెప్పనేలేదే!" ఆ చూపుతో ఎవరికైనా మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. జ్వరం సంగతి అడిగితే వణుకుతూ చెయ్యి చాపింది. లైట్ల వేడికి ఒళ్ళు వెచ్చగానే ఉంది. డాక్టరు ఇచ్చిన చేదుమాత్ర, రోగం లేకపోయినా, మారుమాట్లాడకుండా మింగింది.

మూడో రోజంతా యూనిట్ పూనుకుని వాళ్ళిద్దరికీ రాజీ కుదిర్చింది. "మాట్లాడుకోండి, ఏముంటుంది పంతాల్లో" అని హీరో సైతం వచ్చి చెప్పి వెళ్ళాడు. తప్పదు కనుక మాట్లాడుకున్నారు. చివరి షాట్ అయ్యేసరికి, మాట్లాడుకోమని ఎవరూ చెప్పనవసరం లేకుండా పోయింది.

సాయంత్రం విమానం ముక్కను క్రేనుతో లేపి లారీ ఎక్కించారు. మూడో వరుస కిటికీ మలుపు తిరిగి మాయమైంది.

"ఎందుకలా చెప్పారు?" అని అడిగాడతను.

"మీరు ఫోన్లో మాట్లాడుతుంటే అవతలి గొంతు రాలేదు. నేనూ అలాగే మాట్లాడుతుంటాను లెండి" అంది ఆవిడ. అంతలో బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కింది. అతనిది అవతలి వైపు బస్సు.

ఇంటికొచ్చాక అతను మొదటి రోజులాగే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఒక్క మాటా రాలేదు. నిజంగా మాట్లాడటం రుచి చూశాక ఉత్తుత్తి మాటలు సహించలేదు. అతనికి గట్టిగా ఏడవాలనిపించింది.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది.

"నేనే. మేనేజరునడిగి మీ నంబరు తీసుకున్నాను. సొంత మొగుడి నంబరు అడుగుతుందేంటా అని ఎగాదిగా చూశాడనుకోండి. మా ఇంట్లో ఏసీ పన్జెయ్యట్లేదు, ఓసారి వచ్చి చూస్తారా?"

"చప్పుడేమైనా చేస్తోందా?"

"అస్సల్లేదు."

"నీళ్ళు కారుతున్నాయా?"

"చుక్క కూడా లేదు."

పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. ముందు గది చూశాడు, పడకగది చూశాడు, చివరికి వంటగదిలోకీ తొంగిచూశాడు. ఏ గోడకీ ఏసీ లేదు.

రిపేరుకు సాయంత్రం దాకా పట్టింది.