కురమోచి గారి వెండి తీగ

తమయో చాప మీద మోకాళ్లూని భర్త కురమోచి గారి కొత్త వెండి తీగకు దుమ్ము దులుపుతోంది. రోజూ చేసే పనే. సీడీ ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్ దాకా సాగే ఆ తీగ నేలను తాకరాదు. అందుకని అది, ఆమె పుట్టింటివారు చాప్‌స్టిక్‌లు ఆనించుకోవడానికిచ్చిన పింగాణీ దిమ్మెల మీద పవళించి ఉంది. చాప్‌స్టిక్‌లు ఎక్కడ పడుకుంటున్నాయన్నది ఆ ఇంట్లో చర్చకు రాలేదు.

నిజానికి తీగ పని చిన్నదే. ప్లేయర్ పంపే సన్నని సంకేతాన్ని యాంప్లిఫయర్‌కు చేర్చాలి. చుట్టూ ఉన్న లోహపు అల్లిక, దారిలో బయటి గోల చొరబడకుండా కాయాలి. కారు స్టీరియోలోని మామూలు తీగకైనా ఇంతే పని. ఇంత చిన్న పనికి కురమోచి గారు చేసిన ఏర్పాట్లు మాత్రం ప్రశంసనీయం. ఇరుగుపొరుగుల రైస్ కుక్కర్లు కరెంటును మైల చేస్తున్నాయని పెరట్లో సొంత కరెంటు స్తంభం పాతించారు. పాట వింటున్నంతసేపూ ఫ్రిజ్ ఆపేస్తారు. చేపలు చెడిపోయినా వయొలిన్ తాజాగా ఉంటుంది.

ఆ సాయంత్రం ఊరి హాల్లో తమయో వాళ్ల బృందగానం. ఏళ్ల తరబడి వెనక వరసలో నిలబడ్డ ఆమెకు తొలిసారి ఒంటరిగా పాడే చరణం దక్కింది. వస్తానని భర్త మాటిచ్చారు.

"చీకటి పడకముందే బయల్దేరాలండీ," అంది తమయో.

"ఇవాళేనా? ఇవబుచి గారు తీగ వినడానికొస్తున్నారే! అయినా నీ పాట రోజూ వింటున్నదేగా."

"ఎప్పుడు విన్నారు?"

"వంటింట్లోంచి వస్తూనే ఉంటుందిగా. అందుకేగా ఆ తలుపుకి దూది పట్టించింది!"

రిటైరైన హెడ్మాస్టరు ఇవబుచి గారు మిఠాయి పెట్టెతో విచ్చేశారు. ఫ్రిజ్ ఆగింది. ఎవరో గాయని పాట మొదలైంది.

"ఆహా! ఆవిడ ఊపిరి వినబడుతోందండీ! పెదవి తడుపుకోవడం కూడా!" అన్నారాయన కళ్లు మూసుకుని.

"వినడమంటే మాటలా? ఎదుటి మనిషికి మనల్ని మనం అర్పించుకోవాలి," అన్నారు కురమోచి గారు.

బృందగానం కోసం తెల్ల జాకెట్టు, నల్లటి పొడుగు పావడా వేసుకుని తమయో ఆయన వెనక వచ్చి నిలబడింది. ఆయన తిరిగి చూడకుండానే చెయ్యెత్తి ఆపారు. పాట అయ్యేదాకా ఆగింది. రెండో పాట మొదలైంది. ఆమె బూట్లు తొడుక్కుని వెళ్లిపోయింది. వీధి తలుపు జారి టక్కున మూసుకుంది.

ఇవబుచి గారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. "విన్నారా? పాట వెనకాల తలుపు మూసుకుంది!"

"స్టూడియోలోంచి ఎవరో వెళ్లిపోయినట్టున్నారు," అన్నారు కురమోచి గారు తడికళ్లతో. "పాత తీగలో ఇది ఏనాడూ వినబడలేదండీ."

పాట మళ్లీ పెట్టారు. ఈసారి తలుపు చప్పుడు రాలేదు. తీగ ఇంకా కాస్త అలవాటు పడాలని ఇద్దరూ తీర్మానించారు.